పేర్లు ఊళ్లో, కాపురం బోరబండలో: రేషన్ కార్డు దరఖాస్తు తిరస్కరిస్తే ఏం చేయాలి?

చెల్లెమ్మా, ముందు మీరు అడిగిన సంగతి నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీది నల్గొండ దగ్గర పల్లె. పెళ్లయినప్పటి నుంచి బోరబండలో కిరాయికి ఉంటున్నారు. మీ ఆయన సొంత ఆటో నడుపుతారు, మీరు ఇంట్లోనే బ్లౌజులు కుడతారు. పాప రెండో తరగతి, బాబుకు మూడేళ్లు. అత్తగారు మీ దగ్గరే ఉంటారు. మీ ఆయన పేరు, అత్తగారి పేరు ఊళ్లో మీ బావగారి కార్డులో ఉన్నాయి. మీ పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంది. పిల్లల పేర్లు ఎక్కడా లేవు. మీసేవలో కొత్త కార్డుకు దరఖాస్తు పెడితే తిరస్కరించారు. ఇప్పుడు ఒకాయన ఐదు వేలిస్తే తెల్లకార్డు చేతిలో పెడతానంటున్నాడు. అసలు మాకు అర్హత ఉందా, ఉంటే ఎందుకు రాలేదు అని మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్లు మీసేవ కౌంటర్ దగ్గర కూర్చున్నదాన్ని. ఇప్పుడు మా బస్తీలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా నా దగ్గరికే వస్తారు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మీ దరఖాస్తు ఆగింది ఆదాయం దగ్గర కాదు, ఆధార్ దగ్గర. ఒక ఆధార్ నంబర్ ఒక్క కార్డులోనే ఉండాలి. మీ ముగ్గురు పెద్దవాళ్ల నంబర్లు అప్పటికే రెండు వేరే కార్డుల్లో ఉన్నాయి. కంప్యూటర్ అది చూడగానే దరఖాస్తును పక్కన పెట్టేస్తుంది. మీరు పేదవాళ్లా కాదా అన్న లెక్క దాకా పోనే పోదు. ఆ ఐదు వేలాయన కూడా ఈ చిక్కు విప్పకుండా చేయగలిగేది ఏమీ లేదు. విప్పడానికి ఐదు వేలు అక్కర్లేదు.

అయినా అర్హత సంగతి ముందు తేల్చుకుందాం. రేపు విచారణకు వచ్చినప్పుడు అడిగేది అదే.

తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు, అంటే ఈ రేషన్ కార్డుకే, పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.2 లక్షలు దాటకూడదు. పల్లెల్లో ఆ హద్దు రూ.1.5 లక్షలు. భూమి ఉంటే తరి (మాగాణి) మూడున్నర ఎకరాలు, ఖుష్కి (మెట్ట) ఏడున్నర ఎకరాలు మించకూడదు. రెండు లక్షలంటే నెలకు పదహారున్నర వేల పైచిలుకు. ఆటోవాళ్లు ఇక్కడే తికమక పడతారు. రోజంతా తిప్పితే గల్లాలో పడిన డబ్బంతా ఆదాయం కాదు. గ్యాసు, ఫైనాన్స్ కిస్తీ, రిపేర్లు, ఇన్సూరెన్సు పోగా ఇంటికి వచ్చేదే ఆదాయం. ఇన్‌స్పెక్టర్ అడిగితే "రోజుకు పన్నెండు వందలు వస్తాయి సార్" అని గొప్పగా చెప్పి ఊరుకునే మగవాళ్లను చూశాను. అందులో ఖర్చు ఎంతో కూడా అదే నోటితో చెప్పమనండి. మీ కుట్టుపని డబ్బులూ కలపాల్సిందే, అవి దాచొద్దు. రెండూ కలిపినా హద్దులోపలే ఉంటే ధైర్యంగా ఉండండి. దాటుతుంటే మాత్రం కాగితం మీద తగ్గించి రాయమని నేను చెప్పను.

ప్రభుత్వ ఉద్యోగం, ప్రభుత్వ పెన్షన్, ఆదాయపు పన్ను కట్టడం, ఇంట్లో కారు ఉండడం లాంటివి ఉంటే కార్డు రాదు. మీకు ఇవేవీ లేవన్నారు. మూడు చక్రాల ఆటోతో పేచీ లేదు. కానీ ఒక్క మాట మీ ఆయన్ని అడగండి: ఆటో లోన్ కోసమో, ఇంకేదైనా లోన్ కోసమో ఎప్పుడైనా ఐటీ రిటర్న్ వేయించారా? ఏజెంట్లు లోన్ పాసవ్వాలని నాలుగైదు లక్షల ఆదాయం చూపిస్తూ రిటర్న్ వేయిస్తుంటారు. సంతకం పెట్టినవాళ్లు తర్వాత ఆ సంగతే మర్చిపోతారు. బ్యాంకుకు ఒక ఆదాయం, రేషన్‌కు ఒక ఆదాయం అంటే కుదరదు. రెండూ ఏదో ఒకరోజు ఎదురుపడతాయి.

ఎదురుపడడం అని ఊరికే అనలేదు. తెలంగాణలో "సమగ్ర వేదిక" అనే వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల దగ్గర ఉన్న వివరాలను పేర్లు, చిరునామాలను బట్టి కలిపి చూస్తుంది. ఆర్టీఏలో మీ పేరున కారుందా, ఇంకెక్కడైనా ఆస్తి ఉందా అని వెతుకుతుంది. మంచిదే, కానీ ఒకే పేరున్నవాళ్లు హైదరాబాద్‌లో ఎంతమంది ఉంటారో మీకు తెలియనిది కాదు. ఇంకొకరి కారు మన లెక్కలో పడి కార్డు పోయినవాళ్లున్నారు. రాష్ట్రంలో రద్దయిన 19 లక్షల కార్డుల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, వాటిని మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో కోర్టు చెప్పింది. కాబట్టి మీకెవరైనా "మీ పేరున కారుంది, అందుకే రాలేదు" అంటే గమ్మున ఇంటికి రాకండి. బండి నంబర్ ఎంతో అడిగి రాసుకోండి. అది మనది కాదని ఆర్టీఏ వివరాలతో చూపించవచ్చు.

ఇక అసలు పని, పేర్లు తీయించడం.

ముందు ఎవరి పేరు ఎక్కడుందో కళ్లతో చూసుకోండి. రేషన్ కార్డుల వివరాలుండే తెలంగాణ ఈపీడీఎస్ వెబ్‌సైట్‌లో ఎఫ్ఎస్‌సీ (ఆహార భద్రత కార్డు) సెర్చ్ అని ఉంటుంది. బావగారి కార్డు నంబర్ కొడితే అందులో ఎవరెవరు ఉన్నారో, ఏ రేషన్ షాపుకు కట్టి ఉందో కనిపిస్తుంది. పుట్టింటి కార్డూ అలాగే చూడండి. ఫోన్‌లో చూడడం ఇబ్బందైతే ఏ రేషన్ డీలరైనా చూసి చెప్తాడు. పెళ్లప్పుడు మా అమ్మ తీయించేసింది అని అనుకుంటూ ఉంటారు చాలామంది ఆడపిల్లలు. సెర్చ్ చేస్తే పేరు అక్కడే ఉంటుంది. తీయిస్తే నెలకు ఆరు కిలోలు తగ్గుతాయి కదా, ఏ ఇంట్లోనూ అంత తొందరపడరు.

మీ పుట్టింటివాళ్లతో పెద్ద పేచీ ఉండకపోవచ్చు. బావగారి దగ్గరే జాగ్రత్తగా మాట్లాడాలి. ఆయన కార్డులోంచి రెండు పేర్లు పోతే నెలకు 12 కిలోల సన్నబియ్యం తగ్గుతాయి. మొదట్లో 'తీస్తాంలే' అని, తర్వాత ఫోనెత్తకపోవడం అన్నదమ్ముల మధ్య నేను చూడనిది కాదు. మీ ఆయన్నే పంపండి, అత్తగారిని వెంట పంపితే ఇంకా మంచిది. అత్తగారికి బియ్యం పట్నంలో కావాలి, ఆవిడ ఉండేది పట్నంలో, ఈ మాట ఆవిడే చెబితే ఎవరూ కాదనలేరు. పేరు తొలగించమని మీసేవలో దరఖాస్తు పెట్టొచ్చు. లేదా ఆ మండలం తహసీల్దార్ ఆఫీసులో రేషన్ సెక్షన్ చూసే వాళ్లకు కాగితం ఇవ్వొచ్చు. మీ పేరుకైతే పెళ్లి పత్రిక జిరాక్సో, మ్యారేజ్ సర్టిఫికెట్టో జతచేయండి. తొలగింపు కాగితం మీద కార్డు నంబర్, తీయాల్సిన పేరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు స్పష్టంగా ఉండాలి. ఒకరి పేరు తీయమంటే మొత్తం కార్డే ఎగిరిపోయిందని వచ్చి ఏడ్చినవాళ్లున్నారు. అందుకే ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు 'ఒక్క సభ్యురాలి పేరే కదా అన్నా' అని నిలబడి అడగాలి.

పేరు పోయిందని సైట్‌లో కనిపించాకే ఇక్కడ కొత్త దరఖాస్తు పెట్టండి. రెండూ ఒకేసారి పెట్టేస్తే టైమ్ కలిసొస్తుందనుకుంటారు. కలిసిరాదు, అక్కడ తీయకముందే ఇక్కడ చూస్తే మళ్లీ తిరస్కరణే. అయితే ఒకటి ముందే తెలుసుకోండి. పేరు పోయిన నెల నుంచి కొత్త కార్డు వచ్చేదాకా మీ వాటా బియ్యం ఎక్కడా రావు. ఆ నెలలకు ఇంట్లో కాస్త ఏర్పాటు చేసుకున్నాకే మొదలుపెట్టండి.

మీరు ఇంకో మాట రాశారు, "ఊరి కార్డులోనే నన్నూ పిల్లలనూ చేర్పించుకుంటే పోదా" అని. చేర్పించుకోవచ్చు. తెలంగాణలో ఏ ఊరి కార్డుకైనా రాష్ట్రంలో ఏ షాపులోనైనా బియ్యం ఇస్తారు, బోరబండలోనూ తీసుకోవచ్చు. కానీ నాకు ఇష్టం లేదు. ఒక కార్డు అంటే ఒక కుటుంబం. రెండు ఇళ్ల ఆదాయం, భూమి ఒకే లెక్కలో పడతాయి. మీ ఆయన ఇక్కడ వేలిముద్ర వేసి బియ్యం తెస్తే ఊళ్లో బావగారు షాపుకు వెళ్లి ఖాళీ సంచితో రావొచ్చు. పైగా గృహజ్యోతి 200 యూనిట్ల కరెంటు, రూ.500 గ్యాస్, ఇందిరమ్మ ఇల్లు, అన్నీ ఇప్పుడు ఈ కార్డు చుట్టే తిరుగుతున్నాయి. ఇక్కడ కాపురం ఉన్నవాళ్లకు ఇక్కడి కార్డే మేలు.

దరఖాస్తుకు ముందు ఆధార్ చిరునామా చూడండి. మీ ఆధార్‌లో ఇంకా ఊరి చిరునామానే ఉందని నా అనుమానం. ఉంటే ముందు దాన్ని మార్చండి. ఇంటి ఓనర్ కిరాయి అగ్రిమెంట్ ఇవ్వనంటే కరెంటు బిల్లు జిరాక్సు, గ్యాస్ కనెక్షన్ పుస్తకం, పాప స్కూలు కాగితం ఏది ఉంటే అది దగ్గర పెట్టుకోండి. మా ఇల్లు కబ్జా పెడతారేమో అని కొందరు ఓనర్లు భయపడతారు. రేషన్ కార్డుతో ఇల్లు ఎవరిదీ కాదని నెమ్మదిగా చెప్పండి.

చిరునామాను బట్టే మీ దరఖాస్తు ఎవరి బల్ల మీదికి పోతుందో తేలుతుంది. హైదరాబాద్ జిల్లాలో తహసీల్దార్ కాదు, పౌరసరఫరాల శాఖ సర్కిల్ ఆఫీసులు చూస్తాయి. ఒక్కో సర్కిల్‌కు ఒక ఏఎస్ఓ, అంటే అసిస్టెంట్ సప్లై ఆఫీసర్ ఉంటారు. పైన సీఆర్ఓ, అంటే చీఫ్ రేషనింగ్ ఆఫీసర్. మలక్‌పేట, యాకుత్‌పురా, చార్మినార్, నాంపల్లి, మెహదీపట్నం, అంబర్‌పేట, ఖైరతాబాద్, బేగంపేట, సికింద్రాబాద్ అని తొమ్మిది సర్కిళ్లు. మీ బోరబండ ఏ సర్కిల్ కిందికి వస్తుందో మీ వీధి రేషన్ డీలర్‌ను అడిగితే అర నిమిషంలో చెప్తాడు. రేపు ఇల్లు మారి కూకట్‌పల్లి వైపు పోతే అది మేడ్చల్-మల్కాజిగిరి, శేరిలింగంపల్లి వైపు పోతే రంగారెడ్డి. సిటీ అంతా ఒకటే అనుకుని వేరే జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు ఎందరో.

ఇప్పుడు కౌంటర్ దగ్గర. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇక్కడ పడిన ఒక్క అక్షరం తప్పు తర్వాత నెలల తరబడి తిప్పిస్తుంది. రద్దీ టైమ్‌లో ఆపరేటర్ మీ ఆధార్ జిరాక్సులు ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో టకటకా కొడుతుంటాడు. సంబంధం అన్న చోట డ్రాప్‌డౌన్ తెరుచుకుంటుంది. కోడలు అని నొక్కాల్సింది పక్కనే ఉన్న కూతురు అని పడిపోతుంది. పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారవుతాయి. చివర్లో "సబ్మిట్ చేస్తున్నా అక్కా" అంటాడు. అప్పుడు ఆపండి. 'బాబూ, ఒకసారి స్క్రీన్ ఇటు తిప్పు' అనండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఐదుగురి పేర్లు, ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు, ఇంటిపేరు ముందుంటే ముందు, వెనకుంటే వెనక. ఆధార్ నంబర్లు అంకె అంకె చదవండి. మొబైల్ నంబర్ మీదే ఇవ్వండి. ఆపరేటర్లు తొందరలో తమ నంబరో, షాపు నంబరో పెట్టేస్తారు, తర్వాత మెసేజ్‌లన్నీ అక్కడికే పోతాయి. రసీదు మీద ఉన్న ఫీజు మాత్రమే ఇవ్వండి. ఆ రసీదును ఫోన్‌లో ఫొటో తీసి మీ ఆయనకూ పంపండి. దాని మీది దరఖాస్తు నంబర్ లేకపోతే మీ పని ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు.

కుటుంబ పెద్దగా ఎవరి పేరు రాయాలని అడుగుతారు. మీ ఆయన పేరు చెప్పకండి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ఇంట్లో 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దావిడే కార్డుకు యజమానురాలు. అంటే మీ ఇంట్లో అత్తగారు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, చట్టంలో ఉన్న మాటే.

పిల్లలకు ఆధార్ ఉండాలి. బాబుకు ఐదేళ్లలోపు కాబట్టి వేలిముద్రలు లేకుండానే బాల ఆధార్ ఇస్తారు. జనన ధ్రువపత్రం, మీలో ఒకరి ఆధార్ చాలు. ఐదు నిండాక వేలిముద్రలు, కంటిపాప ఇచ్చి అప్‌డేట్ చేయించాలి. ఐదు నుంచి ఏడేళ్ల మధ్య చేయిస్తే అది ఉచితం. పాపకు అది అయిందో లేదో ఇప్పుడే చూడండి.

ఇంత బియ్యం వస్తాయని లెక్క చెప్తాను. కేంద్రం మనిషికి నెలకు 5 కిలోలు ఇస్తుంది, దానికి మన రాష్ట్రం ఇంకో కిలో కలిపి 6 ఇస్తోంది. 2015 జనవరి నుంచి ఇంటికి ఇన్ని కిలోలకు మించకూడదన్న పాత హద్దు కూడా లేదు. మీరు ఐదుగురు కాబట్టి 30 కిలోలు, ఉచితం. 2025 ఏప్రిల్ నుంచి దొడ్డు బియ్యం పోయి సన్నబియ్యం వస్తున్నాయి. ఇదివరకు కిరాణా షాపుకో, ఇడ్లీ బండికో అమ్మేసిన ఇళ్లల్లో ఇప్పుడు అదే అన్నం తింటున్నారు. అమ్మడం మాత్రం కేసు అయ్యే పనే, ఎవరడిగినా ఇవ్వకండి.

అత్తగారు వితంతువు కదా, అంత్యోదయ కార్డు రాదా అని కూడా అడిగారు. అంత్యోదయ అంటే కార్డుకు 35 కిలోలు, దాంతోపాటు కిలో చక్కెర రూ.13.50కు. ఏ ఆధారమూ లేని వితంతువులకు, వృద్ధులకు, దివ్యాంగులకు, రోజు కూలీతో బతికే అతి పేదలకు ఉద్దేశించింది. వాటి సంఖ్యకు హద్దు ఉంది, కాబట్టి అడిగిన వెంటనే దొరకదు. ఎలాగూ ఐదుగురికి మామూలు కార్డు మీదే 30 వస్తున్నాయి, తేడా ఐదు కిలోలే. ఇంట్లో ఆరుగురుంటే మామూలు కార్డే ఒక కిలో ఎక్కువ. ఈ లెక్క వేయకుండా అంత్యోదయ కోసం పైరవీలకు తిరిగేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అత్తగారిని వేరే ఇంట్లో ఉన్నట్టు చూపించి ఆవిడకు విడిగా 35 కిలోలు తెప్పిద్దాం అన్న సలహా ఎవరైనా ఇస్తే వినకండి.

దరఖాస్తు పడ్డాక విచారణకు వస్తారు, లేదా ఫోన్ చేసి రమ్మంటారు. తెలియని నంబర్ అని కట్ చేయకండి. ఇంటికి వస్తే వంటగది ఒకటేనా, ఎంతమంది ఉంటున్నారు, ఆయన ఏం చేస్తారు, అవే ప్రశ్నలు. ఆదాయ ధ్రువపత్రం ముందే మీసేవలో తీసి పెట్టుకుంటే పని సులువు. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేకపోతే "తాళం" అని రాసేసి పోయే ప్రమాదం ఉంది. పక్కింటావిడకు మీ నంబర్ ఇచ్చి ఉంచండి.

ఎక్కడుందో చూడడానికి అదే ఈపీడీఎస్ సైట్‌లో అప్లికేషన్ సెర్చ్ ఉంది. జిల్లా ఎంచుకుని మీసేవ నంబర్ కొట్టాలి. చాలా ఏళ్లు కొత్త కార్డులు ఆగిపోయి, 2025 జనవరి 26న మళ్లీ మొదలయ్యాయి. జూలైలో తుంగతుర్తి నియోజకవర్గంలోని తిరుమలగిరిలో పంపిణీ పెట్టారు. అప్పటి నుంచి దరఖాస్తులు గుట్టలుగా పడుతున్నాయి, కాబట్టి కొంత ఆలస్యం మామూలే. కార్డు మంజూరైన నెలలోనే బియ్యం కావాలని డీలర్‌తో గొడవ పెట్టుకోవద్దు. ఏ కార్డుకు ఎన్ని కిలోలో చెప్పే కీ రిజిస్టర్ నెలకోసారి తయారవుతుంది. అది తయారయ్యాక మంజూరైతే మీ పేరు తర్వాతి నెలలోనే వస్తుంది. సాధారణంగా 1 నుంచి 15 వరకు ఇస్తారు, చివరి రెండు రోజులకు పెట్టుకుంటే సర్వర్ మొరాయిస్తుంది.

మళ్లీ తిరస్కరిస్తే? కారణం ఏమిటని ఏఎస్ఓ ఆఫీసులో నోటితో కాదు, కాగితం మీద అడగండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి, అక్కడ ఇచ్చే నంబర్‌తో మీ కాగితం మళ్లీ అదే ఏఎస్ఓ దగ్గరికి వస్తుంది కానీ ఈసారి జవాబు చెప్పాల్సిన కాగితంగా వస్తుంది. 1967కు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు రాయించవచ్చు. ఇవన్నీ అయ్యాక కూడా కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. నా దరఖాస్తు ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లింది, ఏ కారణంతో తిరస్కరించారు, విచారణ నివేదిక కాపీ ఇవ్వండి. ఈ మూడే అడగండి, కథ రాయకండి. ఆహార భద్రతా చట్టంలోనే జిల్లా స్థాయిలో ఫిర్యాదుల అధికారి, పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉన్నాయి. ఎవరూ అటు పోరు, మీరు పోవచ్చు. ఆ ఐదు వేలాయన చేసేది ఏమిటో తెలుసా? మీ మీసేవ నంబర్ తీసుకుని రోజూ సైట్‌లో చూస్తాడు. మంజూరైందని కనిపించిన రోజు 'చేయించాను' అని డబ్బులకు వస్తాడు.

కార్డు వచ్చాక ఈకేవైసీ మర్చిపోకండి. కార్డులో ఉన్న ప్రతి ఒక్కరూ షాపులో ఈపోస్ మిషన్ మీద ఒకసారి వేలు పెట్టాలి, చిన్న బాబుకు ఇప్పుడే అక్కర్లేదు. మీ అత్తగారు ఇళ్లల్లో అంట్లు తోమేవారన్నారు కదా, ఆవిడ వేళ్లతోనే ఇబ్బంది వస్తుంది. సబ్బునీళ్లలో నానీ నానీ గీతలు అరిగిపోయి ఉంటాయి. వేలు పెడితే మిషన్ ఎర్ర లైటు చూపిస్తుంది. డీలర్ గుడ్డతో తుడిచి ఇంకో వేలు అంటాడు, అదీ పడదు, వెనక లైన్లో వాళ్లు గొణుగుతారు. ముందు చేతులు శుభ్రంగా కడిగి బాగా ఆరనిచ్చి, కాస్త కొబ్బరినూనె రాసి తుడిచేసి, బొటనవేళ్లు ప్రయత్నించండి. అయినా పడకపోతే కంటిపాప మిషన్ ఉన్న షాపు ఎక్కడుందో అడిగి అక్కడికి తీసుకెళ్లండి, మీ షాపే కానక్కర్లేదు. తీరిక చూసుకుని ఆధార్ కేంద్రంలో ఆవిడ వేలిముద్రలు కొత్తగా తీయించండి. నెలనెలా బియ్యానికి మాత్రం కార్డులో ఎవరో ఒకరి వేలు చాలు, ఆవిడను లైన్లో నిలబెట్టొద్దు.

మీ పక్కింటి శ్రీకాకుళం వాళ్ల సంగతి: వాళ్లకు ఆంధ్రలో బియ్యం కార్డు ఉంటే ఇక్కడ కొత్తది అక్కర్లేదు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం కింద ఆ నంబర్‌తోనే బోరబండ షాపులో తీసుకోవచ్చు, మనిషికి 5 కిలోలు. తెలంగాణ ఇచ్చే ఆరో కిలో వాళ్లకు రాదు. ఇక్కడే స్థిరపడాలనుకుంటే అక్కడ రద్దు చేయించుకుని ఇక్కడ పెట్టుకోవాలి, రెండూ ఉంచుకోవడం కుదరదు.

ఈలోపు కార్డుతో పని లేనివి వాడుకోండి. బాబును అంగన్‌వాడీలో వేయండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ భోజనం, గుడ్డు పెడతారు. రేషన్ కార్డు అడగరు, ఆధార్, జనన ధ్రువపత్రం చాలు. మళ్లీ కడుపుతో ఉన్నా, బాలింతగా ఉన్నా ఆరోగ్యలక్ష్మి కింద రోజుకో పూట భోజనం, పాలు, గుడ్డు మీకూ ఉంటాయి. పాప సర్కారు బడికి పోతుంటే మధ్యాహ్న భోజనం ఎలాగూ ఉంది. మీ ఆయన మధ్యాహ్నం ఆటో ఎక్కడాపితే అక్కడ రూ.5 భోజనం క్యాంటీన్ ఉందేమో చూసుకోమనండి. కొందరు మగవాళ్లకు ఆ లైన్లో నిలబడడం నామోషీ, ఆటోవాళ్లకు మాత్రం అలాంటిదేమీ ఉండదు.

ఈ వారం చేయాల్సింది రెండే పనులు: సైట్‌లో రెండు కార్డులూ చూడడం, మీ ఆయన్ని, అత్తగారిని ఊరికి పంపడం. పేర్లు పోయినట్టు కనిపించాక కొత్త దరఖాస్తు పెట్టే ముందు తిరస్కరించిన పాత రసీదు కూడా వెంట తీసుకెళ్లండి, ఆపరేటర్ పాత నంబర్ అడుగుతాడు.